మెల్‌బోర్నా? వింబుల్డనా? మొదటి గ్రాండ్‌స్లామ్ ఎక్కడ చూడాలి

సంక్రాంతి దగ్గర పడిందంటే చాలు, మా టెన్నిస్ క్లబ్బులో పొద్దుటి ఆట ముగిసి టీ గ్లాసులు చేతికి రాగానే ఇదే ప్రశ్న. "అన్నా, ఒక్క గ్రాండ్‌స్లామ్ అయినా కళ్ళారా చూడాలి. వింబుల్డన్ పోదామా, ఆస్ట్రేలియానా?" (గ్రాండ్‌స్లామ్ అంటే ఏడాదికి నాలుగే జరిగే పెద్ద టెన్నిస్ టోర్నీలు: మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్, పారిస్‌లో ఫ్రెంచ్ ఓపెన్, లండన్‌లో వింబుల్డన్, న్యూయార్క్‌లో యూఎస్ ఓపెన్.) ఈ ఏడాది క్లబ్బులో ముగ్గురు అడిగారు. న్యూజెర్సీ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేసి మరీ అడిగాడు. నేను రెండూ చూసొచ్చాను: 2023 జూలైలో వింబుల్డన్, 2024 జనవరిలో మెల్‌బోర్న్. ప్రతివాళ్ళకీ మొదట్నుంచి చెప్పే ఓపిక తగ్గింది కాబట్టి ఒక్కసారే రాసి పడేస్తున్నాను.

ఫైనల్ చూడాలని ఉన్నవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. అది డబ్బున్నవాళ్ళ వ్యవహారం. అంత పోసి పైవరసలో కూర్చుంటే ఆటగాళ్ళు అగ్గిపుల్లల్లా కనిపిస్తారు, దానికంటే ఇంట్లో టీవీయే నయం. వారానికి నాలుగు రోజులైనా రాకెట్ పట్టుకునేవాడికి గ్రాండ్‌స్లామ్ అంటే మొదటి వారమే, అదీ గ్రౌండ్ పాస్ మీద. పెద్ద స్టేడియాల్లోకి రానివ్వరు సరే, మిగతా కోర్టులన్నీ పొద్దుట్నుంచి చీకటి పడేదాకా మనవే. కోర్టు పక్కన బెంచీ మీద చోటు దొరికిందంటే ఆటగాడి బూట్లు కిర్రుమనే చప్పుడు కూడా వినిపిస్తుంది.

టీవీ చూపించని సంగతి ఒకటుంది. కెమెరా ఎత్తులోంచి కిందికి చూస్తుంది కదా, అందుకని బంతి వలకి ఎంత పైనుంచి పోతోందో మనకి అందదు. అన్నీ వలకి ఒరుసుకుంటూ పోతున్నట్టే ఉంటాయి. అది చూసే మనమూ అలా కొట్టబోయి వలకి కొడతాం. కోర్టు చివరి గీత, బేస్‌లైన్ వెనక నేలబారుగా కూర్చుని చూస్తే అసలు విషయం తెలుస్తుంది: ర్యాలీలో వాళ్ళు బంతిని వలకి బాగా పైనుంచి పంపుతారు, టాప్‌స్పిన్ (బంతి ముందుకి గిర్రున తిరిగే సుడి) దాన్ని లాక్కొచ్చి లైను లోపల పడేస్తుంది. ఆ సుడితోనే కొట్టే కిక్ సర్వ్ పడ్డాక భుజం దాకా ఎలా లేస్తుందో కూడా అక్కడే చూశాను. తిరిగొచ్చాక నా ఫోర్‌హ్యాండ్ వలకి కొట్టుకోవడం ఎంత తగ్గిందో మా డబుల్స్ పార్ట్‌నర్‌ని అడగండి. సర్వ్ గురించి మాత్రం అడక్కండి.

ఇంకో కారణం మనవాళ్ళు. సింగిల్స్‌లో భారతీయుడు మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, కనబడటమే అరుదు. 2024లో సుమిత్ నాగల్ మెల్‌బోర్న్‌లో 31వ సీడ్ (టోర్నీవాళ్ళు పెట్టిన వరసలో 31వ ఆటగాడు) బుబ్లిక్‌ని ఓడిస్తే పండగ చేసుకున్నాం. మన బలం డబుల్స్‌లో ఉంది. ఆ పక్షం రోజుల్లోనే రోహన్ బోపన్న, 43 ఏళ్ళ వయసులో, ఎబ్డెన్‌తో కలిసి టైటిల్ కొట్టాడు. మన హైదరాబాద్ సానియా గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు ఆరూ డబుల్స్‌లో, మిక్స్‌డ్‌లో వచ్చినవే. డబుల్స్ తొలి రౌండ్లు ఎక్కువగా బయటి కోర్టుల్లోనే జరుగుతాయి. అంటే మనవాళ్ళని చూడటానికి కూడా కావలసింది ఆ గ్రౌండ్ పాసే.

కాబట్టి నా లెక్కలో ప్రశ్న ఒక్కటే. విమానం టికెట్ కొనేముందు ఏ ఊళ్ళో గ్రౌండ్ పాస్ చేతిలో పడుతుంది?

వింబుల్డన్‌లో పడదు. ముందుగా టికెట్ కావాలంటే బ్యాలెట్, అంటే లాటరీ. ముందు ఏడాది శరదృతువులో పేరు ఇచ్చుకోవాలి. తగిలితే ఏ రోజు, ఏ కోర్టు అన్నది వాళ్ళే చెబుతారు, మనం ఎంచుకునేది లేదు. తగలకపోతే మిగిలింది క్యూ. వింబుల్డన్ పార్కులో గడ్డి మీద బారులు తీరి నిలబడటం, రాగానే క్యూ నంబరు తీసుకోవడం, లోపలికి పంపే గేటు దాకా దాన్ని ప్రాణంలా కాపాడుకోవడం. సెంటర్ కోర్టు, నంబర్ 1, నంబర్ 2 కోర్టులకి రోజుకి ఒక్కోదానికి సుమారు 500 టికెట్లు ఈ క్యూలోనే అమ్ముతారు. అవి కావాలంటే ముందు రోజే వెళ్ళి డేరా వేసుకుని పడుకోవాలి. గ్రౌండ్ పాస్ చాలనుకుంటే తెల్లవారేలోగా చేరితే సాధారణంగా సరిపోతుంది. మనిషికి ఒక్క టికెటే, ఇంకొకరి కోసం చోటు పట్టి ఉంచడం కుదరదు. తిరుపతి కంపార్ట్‌మెంట్లలో కూర్చున్న అనుభవం ఉన్నవాళ్ళకి ఓర్పు కొత్తగా నేర్పక్కర్లేదు. కాకపోతే ఇక్కడ లడ్డూ చివర్న ఉంటుందన్న హామీ లేదు.

నా సంగతి చెబుతాను. 2023 జూలై 4, మంగళవారం. ఇద్దరు పట్టే చిన్న డేరా కొనుక్కుని (అంతకంటే పెద్దది ఒప్పుకోరు) రాత్రంతా పార్కులో ఉన్నాను. పక్క డేరాలో ఒక ముసలాయన, ముప్ఫయ్యేళ్ళుగా వస్తున్నాడట, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. తెల్లారగట్ల క్యూ చూసుకునేవాళ్ళు వచ్చి లేపారు, డేరాలు మడిచి సామాను గదిలో ఇచ్చాం. అంతవరకూ సంబరమే. లోపలికి వెళ్ళాక కాసేపటికే వాన పట్టుకుంది. పైకప్పు ఉన్నవి సెంటర్ కోర్టూ నంబర్ 1 కోర్టూ రెండే. బయటి కోర్టుల మీద పట్టాలు కప్పేశారు, ఆ రోజు వాటి మీద ఒక్క మ్యాచ్ కూడా పూర్తి కాలేదు. ఆవరణలోనే ఉన్న చిన్న గుట్ట మీద గొడుగు కింద కూర్చుని పెద్ద తెర మీద, రాయల్ బాక్స్‌లో ఉన్న ఫెడరర్‌కి లోపలివాళ్ళు నిలబడి చప్పట్లు కొడుతుంటే చూశాను. ఆయనకీ నాకూ మధ్య రెండు గోడలు. ఆ దృశ్యం హైదరాబాద్‌లో సోఫాలో కూర్చున్న మా ఆవిడ నాకంటే స్పష్టంగా చూసింది.

మర్నాడు మళ్ళీ క్యూ కట్టాను, ఆ రోజు ఆట దొరికింది. 18వ నంబర్ కోర్టు పక్కన గోడకి 2010 ఇస్నర్, మహు మ్యాచ్ గుర్తుగా పెట్టిన ఫలకం దగ్గర చాలాసేపు నిలబడ్డాను. టెన్నిస్‌లో అన్నిటికంటే పొడుగు మ్యాచ్ అది: 11 గంటల 5 నిమిషాలు, మూడు రోజులు, చివరి సెట్ 70-68. అదీ గ్రౌండ్ పాస్ కోర్టే. గడ్డి మీద బంతి పడ్డ చప్పుడు వేరేగా ఉంటుంది, మెత్తగా, దాదాపు నిశ్శబ్దంగా. ఆ రోజు కోసం వింబుల్డన్‌ని క్షమించాను. కానీ మా ఆఫీసులో ఆరు రోజుల సెలవు కోసం ఎంత బతిమాలానో గుర్తొస్తే, అందులో ఒక రోజు మొత్తం వానకి ఇచ్చేశానన్నది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఇక మెల్‌బోర్న్. అక్టోబరు ప్రాంతంలో అమ్మకం మొదలవుతుంది. ఏ రోజుకి కావాలో ఆ రోజు గ్రౌండ్ పాస్ ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. ధర రోజును బట్టి మారుతుంది. వారాంతాలకి తొందరగా అయిపోతాయి, పైగా ఆ రోజుల్లో లోపల జాతరే, పేరున్న బయటి కోర్టు దగ్గర అరగంట నిలబడితే గానీ లోపలికి అడుగు పడదు. అందుకే మొదటి వారంలో మంగళ, బుధ, గురువారాలు పెట్టుకోండి. డబుల్స్ ఊపందుకునేది కూడా అప్పుడే. ఇంకో లాభం జాన్ కెయిన్ అరీనా. పైకప్పున్న పెద్ద స్టేడియం, అయినా అందులో గ్రౌండ్ పాస్ వాళ్ళు కూర్చునే భాగం ఉంటుంది. వాన పడితే మన రోజు పూర్తిగా పాడైపోదు.

మెయిన్ డ్రాకి ముందు వారం, అందులో చోటు కోసం ఆడే క్వాలిఫయింగ్ ఉంటుంది. దాన్ని మనవాళ్ళెవరూ పట్టించుకోరు గానీ, నన్నడిగితే ఆటగాళ్ళకి అసలు బడి అదే. ర్యాంకు 150లో ఉన్న కుర్రాడు ఒక్కో పాయింటుకీ ప్రాణం పెట్టి కొడుతుంటాడు, పక్క కోర్టులో పెద్ద పేరున్నవాళ్ళు ప్రాక్టీసు చేస్తుంటారు, టికెట్ చవక, జనం తక్కువ. వింబుల్డన్ క్వాలిఫయింగ్ అసలు ఆ ఆవరణలోనే జరగదు, రోహాంప్టన్‌లో వేరే చోట.

మెల్‌బోర్న్‌కి ఉన్న గొడవ ఎండ. "విజయవాడ మే నెల చూసినవాళ్ళం, మాకేంటి" అని వెళ్ళాను. తప్పు. అక్కడి ఎండ వేడిగా అనిపించకుండానే చర్మాన్ని కాల్చేస్తుంది. రెండో రోజుకి మెడ వెనక ఎర్రగా పొంగింది. పొడుగు చేతుల చొక్కా, వెడల్పు అంచు టోపీ, రెండు గంటలకోసారి సన్‌స్క్రీన్ తప్పవు. 40 డిగ్రీలు దాటిన రోజు బయటి కోర్టుల్లో ఆట ఆపేయొచ్చు కూడా. కాబట్టి మెల్‌బోర్న్‌లో రోజు పోదని నేను అనను. పోయే అవకాశం తక్కువ, పోయినా నీడలో పోతుంది. ఇంకో తమాషా, దక్షిణపు గాలి తిరిగిందంటే గంటలో ఉష్ణోగ్రత పది పదిహేను డిగ్రీలు పడిపోతుంది. ఒకరోజు ఉదయం ఎండలో మాడినవాళ్ళం సాయంత్రానికి స్వెట్టర్ కొనడానికి పరిగెత్తాం.

రాత్రి ఆట సంగతి కూడా చెప్పాలి. వింబుల్డన్‌లో 11 గంటలకి ఆట ఆపాల్సిందే, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ నిద్ర కోసం. మెల్‌బోర్న్‌లో అలాంటి హద్దు లేదు. 2023లో ముర్రే, కొకినాకిస్ మ్యాచ్ తెల్లవారుజామున 4 దాటాక ముగిసింది. చుట్టాలింట్లో దిగినవాళ్ళు ఇంటి తాళంచెవి ఒకటి అడిగి తీసుకోండి.

చుట్టాలంటే గుర్తొచ్చింది, ఖర్చులో తేడా అక్కడే వస్తుంది. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, పాయింట్ కుక్ వైపు తెలుగువాళ్ళు బోలెడుమంది. నేను మా బావగారింట్లో దిగాను, సంక్రాంతి అరిసెలు డబ్బా నిండా పట్టుకెళ్ళాను (నెయ్యీ పాలూ ఉన్న తినుబండారాలైతే దిగగానే కార్డు మీద రాసి చూపించండి, దాచిపెడితే జరిమానా పడుతుంది). అక్కడి నుంచి రైల్లో సిటీ, సిటీ నుంచి నది ఒడ్డున నడిచి పార్కుకి. లండన్‌లో జూన్, జూలైల్లో హోటల్ గది అద్దె చూస్తే డేరాయే మేలనిపిస్తుంది. అయితే హైదరాబాద్ నుంచి లండన్‌కి నేరుగా విమానం ఉంది. మెల్‌బోర్న్‌కి సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో మారాలి. ఆస్ట్రేలియా వీసాకి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు. బ్రిటన్ వీసాకి వేలిముద్రలకి సెంటర్‌కి వెళ్ళాలి, నిర్ణయానికి మామూలుగా మూడు వారాలు అంటారు. టికెట్ లేకుండా వీసా, వీసా లేకుండా టికెట్ అని తికమక పడేది ఎక్కువగా వింబుల్డన్ వాళ్ళే.

పారిస్, న్యూయార్క్ సంగతి రెండు ముక్కల్లో. మన పిల్లల ఎండాకాలం సెలవుల్లో వచ్చేది రోలాండ్ గారోస్, అంటే ఫ్రెంచ్ ఓపెన్, ఒక్కటే. కుటుంబంతో వెళ్ళాలంటే అదే దారి, టికెట్లు మీ పేరు మీదే ఉంటాయి, ఆన్‌లైన్‌లో కొనుక్కోవాలి. మట్టి కోర్టు మీద ఆడి పెరిగినవాళ్ళకి ఆ ఎర్రదుమ్ము సొంతూరిలా ఉంటుంది. యూఎస్ ఓపెన్ కోసం ఇక్కడి నుంచి వీసా తెచ్చుకుని వెళ్ళమని చెప్పను. మా మేనల్లుడికి మాత్రం అదే చెప్పాను: ఆగస్టులో క్వాలిఫయింగ్ వారం ప్రవేశం ఉచితం, 7 నంబర్ రైలెక్కితే గేటు ముందే దిగుతావు, నన్నెందుకురా అడుగుతావు అని.

మధ్యలో ఒక హెచ్చరిక. వింబుల్డన్ "ఖాయం టికెట్" ఇప్పిస్తామని ఒక ఏజెంటు మా క్లబ్బు మిత్రుడి దగ్గర అడ్వాన్సు తీసుకున్నాడు. అక్కడికెళ్ళాక ఆ టికెట్ ఇంకొకరి పేరు మీద ఉందని తేలింది, లోపలికి పోనివ్వలేదు. మెల్‌బోర్న్ అయినా, వింబుల్డన్ అయినా అధికారిక సైటు, అధికారిక రీసేల్, లేదా క్యూ. నాలుగో దారి ఎవరు చెప్పినా దండం పెట్టి వచ్చేయండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నా ఓటు మెల్‌బోర్న్‌కే. ఒకసారి చూసొచ్చినవాళ్ళు, వారం పది రోజులు లండన్‌లో ఉండగలిగినవాళ్ళు, రెండు మూడు రోజులు వానకి పోయినా నవ్వగలిగినవాళ్ళు వింబుల్డన్ వెళ్ళండి. ఇదంతా టీ దగ్గర చెబితే మా డబుల్స్ పార్ట్‌నర్ శ్రద్ధగా విన్నాడు, అవునవునన్నాడు. చివర్న, "అన్నా, ఆ డేరా ఇంకా నీ దగ్గరే ఉందా?" అన్నాడు. అటక మీదనుంచి తీసి ఇచ్చాను. జిప్పు ఒక పక్క పట్టేస్తుంది, కాస్త కొవ్వొత్తి రుద్దుకో అని కూడా చెప్పాను.