తెలుగు గొంతా, కింద ఇంగ్లీషు వరసా: ఏది మేలు?

ఈమధ్య నేను చూసిన సినిమాల్లో ఒక్కటీ తెలుగులో తీసింది కాదు. మలయాళం, తమిళం, కొరియన్. ప్రతిసారీ ఏ భాషలో పెట్టాలన్న దగ్గరే పావుగంట గొడవ. మా తమ్ముడు డబ్బింగ్ పేరెత్తితే మొహం తిప్పుకుంటాడు. "అక్కా, నటుడి గొంతు తీసేశాక ఇంకేం మిగిలింది? బొమ్మ" అంటాడు. అమ్మది ఇంకో కష్టం. "ఆ కింద పరిగెత్తే ఇంగ్లీషు చదివేలోపే మాయమైపోతుందే. వాళ్ల మొహాలు చూడనా, అక్షరాలు చూడనా?" రిమోట్ నా చేతిలో ఉంటుంది కాబట్టి ఇద్దరి తిట్లూ నాకే.

మొదట్లో నేనూ తమ్ముడి పక్షమే. సబ్‌టైటిల్స్‌తో చూస్తే అసలు సినిమా చూసినట్టు, డబ్బింగ్ అయితే నకలు చూసినట్టు అనుకునేదాన్ని. 'పారసైట్' రెండోసారి చూసినప్పుడు ఆ నమ్మకం సడలింది. 2019లో వచ్చిన ఈ కొరియన్ సినిమాలో కూతురు కంప్యూటర్‌లో దొంగ సర్టిఫికెట్ తయారుచేస్తుంది, తండ్రి చూసి, ఈ దొంగ పనికి ఫలానా యూనివర్సిటీలో చదువు ఉందా అని జోకేసి మురిసిపోతాడు. కింద ఇంగ్లీషులో ఆక్స్‌ఫర్డ్ అని పడుతుంది. నటుడు నోటితో అన్నది మాత్రం సియోల్ యూనివర్సిటీ పేరు. బయటి ప్రేక్షకులకు చటుక్కున వెలగాలని సబ్‌టైటిల్స్ రాసిన డార్సీ పాకెట్ ఊరే మార్చేశాడు. కొరియా వాళ్లు వాడే కకావోటాక్ కూడా వాట్సాప్ అయిపోయింది. నేను తప్పు పట్టడం లేదు, ఆ నవ్వు పండాలంటే అలాగే రాయాలి. కాకపోతే చెవిలో పడేది అసలు మాటే అయినా మనకు అర్థమయ్యేది ఎవరో మార్చి రాసిందే. ఇక్కడ ఉన్నవి రెండూ నకళ్లే. మన గుమ్మానికి ఏది దగ్గరన్నదే లెక్క.

దగ్గర అంటే గుర్తొచ్చింది. తమిళంలో నీ, నీంగ ఉన్నాయి. మనకు నువ్వు, మీరు. ఇంగ్లీషుకు ఉన్నది ఒక్క "యూ". ప్రేమకథలో అబ్బాయి అంతదాకా మీరు మీరు అంటూ వచ్చి, ఒక చోట నోరు జారినట్టుగా నువ్వు అంటాడు. అమ్మాయి ఒక్క క్షణం ఆగి చూస్తుంది. ఆ సీను మొత్తం ఆ ఒక్క మాట మీద నిలబడి ఉంటుంది. ఇంగ్లీషు వరసల్లో అక్కడేమీ జరగలేదు, ముందూ "యూ", తర్వాతా "యూ". ఆ పిల్ల ఎందుకు ఆగిందో చదివేవాడికి తెలియదు. మలయాళం చేట్టన్, చేచ్చి, తమిళం మచ్చాన్ అనే పిలుపులు కూడా అంతే. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి అయితే "బ్రో" అవుతారు, లేకపోతే ఉత్త పేర్లవుతారు. తెలుగు డబ్బింగ్‌లో వాళ్లంతా మళ్లీ అన్నగా, అక్కగా, బావగా ఇంటికొచ్చేస్తారు. కొరియన్‌లోనూ ఎదుటివాళ్ల వయసునూ హోదానూ బట్టి క్రియ చివర మారిపోతుంది. 'పారసైట్'లో పేదింటి వాళ్లు డబ్బున్న వాళ్ల ఇంట్లో ఒకలా, తమలో తాము ఇంకోలా మాట్లాడుకునే తేడా తెలుగులో ఒక్క "అండీ"తో పట్టుకోవచ్చు.

వాక్యం నడకలోనూ మనకు ఒక లాభం ఉంది, దీని సంగతి ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. తమిళం, మలయాళం, కొరియన్, జపనీస్ అన్నింట్లోనూ మనలాగే క్రియ చివర్లో వస్తుంది. "వాణ్ని ఆ రాత్రి అక్కడ..." అని నటుడు సాగదీస్తాడు, ఊపిరి బిగబడతాం, చివర్న "చంపేశాను" అంటాడు. ఇంగ్లీషు వరస అతను నోరు తెరవగానే పడిపోతుంది, అదీ చంపడంతోనే మొదలవుతుంది. థ్రిల్లర్ చూస్తూ హంతకుణ్ని రెండు సెకన్ల ముందే చదివేసి, అతను చెప్పేదాకా కాచుక్కూర్చోవడం ఎంత చిరాకో ఒకసారి గమనించండి.

దానికి తోడు చోటు తక్కువ. సబ్‌టైటిల్ రెండు వరసలకు మించకూడదు, వరసకు 42 అక్షరాలు దాటకూడదు, తెర మీద ఏడు సెకన్లకు మించి ఉండకూడదు అనేది ఇంగ్లీషులో వాడుకలో ఉన్న కొలత. ఆలుమగలు ఒకరి మీద ఒకరు పడి అరుచుకునే గొడవ ఈ కొలతలో ఎక్కడ పడుతుంది? సగం తిట్లు ఎగిరిపోతాయి. సామెతలైతే మొదటే పోతాయి.

ఇంతా విని డబ్బింగే మేలని తేల్చేశాననుకోకండి. డబ్బింగ్ చేసే పాపాలు కళ్లెదుటే ఉంటాయి. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి, దాన్ని దాచడం కుదరదు. తమిళంలో పణం అంటే మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి పెదవులు మూసుకుంటాయి. మన డబ్బుకు మధ్యలో మూసుకుంటాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన వాక్యం నోరు తెరిచి ఆగుతుంది, తమిళ నటుడేమో పెదవులు బిగించి నిలబడి ఉంటాడు. మంచి డబ్బింగ్ రచయిత ఇక్కడే చెమటోడుస్తాడు. పెదవి కలిసే చోట పెదవి కలిసే మాట వెతికి పెడతాడు. చేతకానివాడు ఖాళీ నింపడానికి "అసలు", "మరి", "తెలుసా" అని చల్లుకుంటూ పోతాడు. మనుషులెవరూ మాట్లాడని ఆ డబ్బింగ్ తెలుగు అలా పుట్టుకొచ్చిందే.

గొంతుల కరువు ఇంకొకటి. 2023 జనవరిలో పోయిన శ్రీనివాసమూర్తి గారు సూర్యకూ అజిత్‌కూ విక్రమ్‌కూ తెలుగు చెప్పారు. ఎంత గొప్ప గొంతు అది! అయినా ఒకే వారంలో ముగ్గురి సినిమాలు చూస్తే ఒకే మనిషి మూడు మొహాలు మార్చినట్టుంటుంది. వాన పడుతున్న వీధిలో నిలబడి మాట్లాడేవాడి గొంతు మూసిన గదిలోంచి వచ్చినట్టు వినబడటం మరీ ఘోరం. చూస్తుంటే మనమే తడుస్తామేమో అనిపిస్తుంది, వింటే ఒక్క చుక్క పడినట్టుండదు. ఇక్కడ మాత్రం తమ్ముడికి నా దగ్గర జవాబు లేదు.

కానీ "నటుడి అసలు గొంతు" అని వాడు గుండెలు బాదుకున్నప్పుడు ఒకటి అడుగుతాను. మన సొంత తెలుగు సినిమాల్లో హీరోయిన్ గొంతు ఎవరిదిరా? 2010లో 'ఏ మాయ చేసావె'లో సమంత మాట్లాడుతుంటే మనం విన్నది చిన్మయి గొంతు. రాజశేఖర్ గర్జన సాయికుమార్‌ది. తెలుగులో కమల్ హాసన్ అంటే బాలు గారి గొంతే చెవిలో మోగుతుంది, కమల్ సొంత గొంతు విన్నప్పుడే మనకు కొత్తగా ఉంటుంది. గొంతు ఒకరిది, మొహం ఒకరిది అయినా కలిసిపోయిన చోట మనం దశాబ్దాలుగా చప్పట్లు కొడుతూనే ఉన్నాం.

రాసేవాడు ఎవరన్నదే సగం తేలుస్తుంది. తెలుగులో తొలి డబ్బింగ్ సినిమాగా చెప్పుకునే 'ఆహుతి'కి 1950లో కలం పట్టింది శ్రీశ్రీ. అంతటి కవి చేసిన పనిని మనం చిన్నచూపు చూడటమేమిటో. ఈ మధ్యవాటిలో నాకు నచ్చింది 'ప్రేమలు'. 2024 ఫిబ్రవరిలో మలయాళంలో వచ్చింది, మార్చిలో తెలుగైంది. పేరైతే అనువాదం అక్కర్లేకుండానే తెలుగై కూర్చుంది. తెలుగు మాటలు ఆదిత్య హాసన్ రాశారు. మలయాళం జోకును తెలుగులోకి మోసుకురాకుండా, ఆ చోట మన కుర్రాళ్లు ఏమనుకుని నవ్వుకుంటారో అది పెట్టారు. తమ్ముడే పగలబడి నవ్వాడు, తర్వాత ఒప్పుకోలేదనుకోండి. పోయిందీ ఉంది. కేరళ నుంచి హైదరాబాద్ వచ్చిపడ్డ పిల్లల కథ అది. భాష రాని ఊళ్లో వాళ్లకుండే బెరుకు, వాళ్లే గలగలా తెలుగు మాట్లాడేసరికి చాలావరకు కరిగిపోయింది. నవ్వు కావాలా, ఆ బెరుకు కావాలా అంటే ఆ సినిమాకు నేను నవ్వే తీసుకుంటాను.

అలాగని అన్నింటికీ ఇదే కొలత పెట్టను. మాట తక్కువ, మౌనం ఎక్కువ ఉన్న సినిమా అయితే నిస్సంకోచంగా సబ్‌టైటిల్సే. అక్కడ చదవాల్సింది ఎలాగూ తక్కువ, నటుడి ఊపిరే నటన. రెండు భాషల మధ్య నలిగే మనుషుల కథ అయినా అంతే, అందరికీ ఒకే తెలుగు తొడిగితే కథే ఉండదు. హాస్యం, కుటుంబ కథ, నోటి దూకుడు మీద నడిచేవి అయితే డబ్బింగ్ మేలు, రాసినవాడికి తెలుగు వచ్చి ఉంటే. ఆ సంగతి మొదటి ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. "ఓ నా దేవుడా" అని వినబడిందంటే వెంటనే భాష మార్చేయడమే. ఇక పక్కన అమ్మ ఉంటే ఈ లెక్కలేవీ లేవు. ఆవిడకు అర్థం కాని అసలు కంటే అర్థమయ్యే నకలే మేలు.

మొన్న మాత్రం ఒక చిన్న పని చేశాను. ఒక మలయాళం సినిమా మొత్తం తెలుగులోనే చూశాం. అయిపోయాక, కొడుకు శవం దగ్గర తల్లి మాట్లాడే సీను వెనక్కి తిప్పి మలయాళంలో పెట్టాను, అమ్మ కోసం కాదు, తమ్ముడి నస పడలేక. ఆ తల్లి గొంతు బొంగురుపోయి ఉంది, తెలుగులో అది లేదు. అమ్మ ముందుకు జరిగి కూర్చుంది. కాసేపటికి, "ఆ కింద రాతలు తీసెయ్యవే, అడ్డంగా ఉన్నాయి" అంది.