మినీ రైలుకు పట్టాలు: ఉక్కా, అల్యూమినియమా?

మూతపడిన మినీ రైలు మార్గాన్ని వాలంటీర్లు బాగుచేయాలంటే ముందు తేలాల్సింది పట్టాల సంగతి. అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతే, తుప్పు బెడద లేదు. సెలవు రోజున వచ్చే నలుగురైదుగురితోనే పని సాగాలిగా, ఇది చిన్న విషయం కాదు. కానీ ఎండకు ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది: 30 డిగ్రీలు వేడెక్కితే 10 మీటర్ల పట్టా సుమారు 7 మిల్లీమీటర్లు పెరుగుతుంది. అతుకుల దగ్గర ఆ సందు వదలకపోతే దారి వంకర్లు పోతుంది. మెత్తన కాబట్టి మలుపుల్లో త్వరగా అరుగుతుంది కూడా.

ఉక్కు తుప్పు పడుతుంది, నిజమే. రైళ్లు తిరుగుతుంటే పైభాగం దానంతటదే నున్నబడుతుంది. వెల్డింగూ తేలికే. ఆవిరి ఇంజన్ జనాన్ని లాగాలంటే నా ఓటు ఉక్కుకే. తేలికపాటి బ్యాటరీ బండ్లకైతే అల్యూమినియం చాలు. పాత ఉక్కు పట్టాలు వంగకుండా ఉంటే మార్చడమెందుకు? ముందు కుళ్లిన స్లీపర్ల (పట్టాల కింది అడ్డ దిమ్మెల) మీద డబ్బు పెట్టండి.