చెరువు లెక్కల పట్టికను అచ్చు తీయడానికి ఏది మేలు: ఎక్సెల్, కాల్క్, గూగుల్ షీట్స్

ఆకివీడు, ఉండి, భీమవరం పరిసరాల్లో వనామీ రొయ్యల చెరువుల లెక్కలు చూసే నాలాంటివారు మేత పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి మార్చుకున్నా, గట్టు మీది షెడ్డులో రాత్రంతా మేలుకొని ఉండే మనిషికి ఇప్పటికీ అక్కరకు వచ్చేది గోడకు తగిలించిన కాగితమే. నా పట్టికలో 16 కాలమ్‌లు ఉన్నాయి: తేదీ, పిల్ల వదిలాక ఎన్నో రోజు, నాలుగు పూటల మేత, మొత్తం మేత, చెక్ ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం), పీహెచ్, ఉదయం ఆక్సిజన్, సాయంత్రం ఆక్సిజన్, ఉప్పదనం, అమ్మోనియా, కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు), ఖనిజాలు, రిమార్కులు. నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారుజామునే కనుక, ఉదయం ఆక్సిజన్ కాలమ్ తేదీ ఉన్న కాగితం మీద కాకుండా రెండో కాగితం మీదకు జారిపోతే ఆ కాగితం ఉన్నా లేనట్టే.

ప్రోగ్రాము ఏదైనా ముందుగా తేల్చుకోవలసింది కాగితం వెడల్పు. నా 16 కాలమ్‌ల మొత్తం వెడల్పు 380 మిల్లీమీటర్లు. ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి రెండు పక్కలా 10 మిల్లీమీటర్ల చొప్పున అంచు వదిలితే మిగిలేది 277 మిల్లీమీటర్లు. అంటే పట్టికను 72 శాతానికి తగ్గించాలి, అప్పుడు 11 పాయింట్ల అక్షరం 8 పాయింట్లకు దిగుతుంది. అదే కాగితాన్ని నిలువుగా పెడితే 50 శాతమే వస్తుంది కనుక దాని గురించి ఆలోచించనక్కరలేదు. 356 మిల్లీమీటర్ల పొడవున్న లీగల్ కాగితం అడ్డంగా పెడితే 88 శాతం వస్తుంది. ఏ3 అయితే తగ్గించే పనే లేదు గానీ, అంత పెద్ద కాగితం పెట్టగల ప్రింటరు మా పల్లెల్లో దొరకదు. అంకెలు 8 పాయింట్లలోనూ చదవవచ్చు. తెలుగు అక్షరాలు అలా కావు, వత్తులు ముద్దకట్టి ‘క్ష’కు ‘క్ష్మ’కు తేడా తెలియకుండా పోతుంది. అందుకే శీర్షికలను తెర మీద 14 పాయింట్లకు పెంచుతాను, అచ్చులో అవి 10 పాయింట్లకు వస్తాయి. వరుస ఎత్తు కూడా పెంచాలి, లేకపోతే కింది వత్తులు గీతలో తెగిపోతాయి.

ఇక తగ్గించే పద్ధతుల్లో ఏది మేలన్నది నా దృష్టిలో ప్రోగ్రాముల పోలిక కంటే పెద్ద ప్రశ్న. ఎక్సెల్, కాల్క్ (లిబ్రెఆఫీస్‌లోని పట్టికల ప్రోగ్రాము), గూగుల్ షీట్స్ మూడింటిలోనూ పట్టికను పుట వెడల్పుకు దానంతటదే సరిపెట్టే వీలుంది, మనమే శాతం చెప్పే వీలూ ఉంది. మొదటిది సులువుగా కనిపిస్తుంది. గత పంటలో నేను అదే పెట్టుకుని, మధ్యలో ఇంకో రెండు కాలమ్‌లు చేర్చాను. వెడల్పు 430 మిల్లీమీటర్లకు పెరగడంతో ప్రోగ్రాము నన్ను అడగకుండానే 64 శాతానికి తగ్గించి, 7 పాయింట్ల అక్షరాలతో పుటలు ఇచ్చింది. ఆ రాత్రి కాపలా ఉన్న అబ్బాయి ఆక్సిజన్ 3.5ను 8.5గా చదివాడు. తెల్లవారుజామున అంత ఉండదే అని అతనికే అనుమానం వచ్చి మీటరుతో మళ్లీ చూడబట్టి సరిపోయింది. మనమే 72 శాతం అని చెప్పి ఉంటే, ఎక్కువైన కాలమ్‌లు వేరే పుట మీదకు జారి, కాగితం తీసిన క్షణంలోనే తప్పు కంటికి కనిపించేది. ఎక్సెల్‌లో ఇంకో కారణమూ ఉంది: పుటలకు సరిపెట్టే పద్ధతి ఎంచుకుంటే మనం చేత్తో పెట్టిన పుట విరుపులను (పేజ్ బ్రేక్‌లను) అది పట్టించుకోదు. నేను పక్షానికి ఒక పుట చొప్పున, 15 రోజులకు ఒక విరుపు పెట్టి, 120 రోజుల పంటను 8 పుటల్లో తీస్తాను కనుక శాతం పద్ధతే నాకు కుదిరింది.

ప్రతి పుట పైనా శీర్షిక వరుస మళ్లీ రావడంలో మూడు ప్రోగ్రాములు మూడు దారులు పట్టాయి. ఎక్సెల్‌లో తెర మీద వరుసను ఫ్రీజ్ చేసినంత (కదలకుండా నిలిపినంత) మాత్రాన అది అచ్చులో రెండో పుటకు రాదు; పేజ్ లేఅవుట్‌లోని ప్రింట్ టైటిల్స్‌లో ఆ వరుసను విడిగా చెప్పాలి. కాల్క్‌లోనూ అంతే, ప్రింట్ రేంజ్ సవరించే చోట చెప్పాలి. గూగుల్ షీట్స్ మాత్రం ఫ్రీజ్ చేసిన వరుసనే ప్రతి పుటకూ ఇస్తుంది, కొత్తవారికి ఇదే సుఖం. ఫోన్ నుంచే గట్టు మీద మనిషి అంకెలు ఎక్కించగలగడం దానికున్న మరో గొప్ప సౌకర్యం. అందుకని నమోదుకు షీట్స్‌నే వాడతాను. అచ్చుకు మాత్రం సిగ్నల్ సరిగా అందని చోట దాని మీద ఆధారపడలేను.

మిగిలిన రెండింటిలో నాకు కాల్క్ మేలు. అది ఉచితం అన్నది ఒక కారణమే గానీ అసలు కారణం పేజ్ స్టైల్. కాల్క్‌లో ఒక ఫైలులోని షీట్లన్నీ మామూలుగా ఒకే పేజ్ స్టైల్‌ను పంచుకుంటాయి కనుక కాగితం, అంచులు, శాతం ఒక్కచోట దిద్దితే నాలుగు చెరువుల షీట్లూ ఒకేలా మారతాయి. అయితే అదే ఫైలులో అయిదు కాలమ్‌ల మేత కొనుగోలు షీటు ఉంటే అదీ అడ్డంగా 72 శాతంలో వస్తుంది. దానికి వేరే స్టైల్ కట్టాలి. ఎక్సెల్‌లో ఈ అమరిక ఏ షీటుకు ఆ షీటే. షీట్లను గుంపుగా ఎంచుకుని చాలావరకు ఒకేసారి పెట్టవచ్చు గానీ ప్రింట్ టైటిల్స్ అలా పెట్టనివ్వదు. ఇప్పటికే ఎక్సెల్ కొనుక్కున్నవారు మారవలసిన పని లేదు: ఒక చెరువు షీటును పూర్తిగా అమర్చుకుని, మిగిలిన చెరువులకు దాని నకలు తీసుకుంటే అమరికలన్నీ వెంట వస్తాయి.

నెట్ సెంటరుకు ఫైలునే తీసుకెళ్లాలా, పీడీఎఫ్ చేసి తీసుకెళ్లాలా అన్నదానిలో నాకు సందేహం లేదు. మన తెలుగు ఫాంటు అక్కడి కంప్యూటర్‌లో లేకపోతే కాలమ్ వెడల్పులు, పుట విరుపులు తారుమారవుతాయి; పీడీఎఫ్‌లో ఫాంటు కూడా ఇమిడి ఉంటుంది. లీగల్ కొలతలో చేసిన పీడీఎఫ్‌ను షాపువారు ఏ4 మీద సరిపెట్టి తీస్తే అది మళ్లీ 83 శాతానికి తగ్గి, 88 శాతం కాస్తా 73కే వస్తుంది. కనుక అసలు కొలతలోనే తీయమని ముందే చెప్పాలి. మంచు, తుంపర తగిలే గట్టు మీద ఇంక్‌జెట్ అక్షరాలు కారిపోతాయని లేజర్ ప్రింటే అడుగుతాను. రెండు వైపులా మాత్రం తీయించను. వెనక పుట ఖాళీగా ఉంటే ఆ పక్షంలో దిగిన మేత బస్తాల లెక్క షెడ్డులో ఉన్నవారు అక్కడే రాసుకుంటారు.