ప్యాకెట్ ట్రేసర్‌లో స్థిర ఐపీ: మిర్చి యార్డు దుకాణానికి ముందస్తు సాధన

గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కమీషన్ దుకాణంలో కంప్యూటర్ల బాగోగులు నేను చూస్తుంటాను. అక్కడ 9 కంప్యూటర్లు, 2 ప్రింటర్లు, కెమెరాల రికార్డరు ఒకటి ఉన్నాయి. రౌటరు ఏ పూట ఏ ఐపీ చిరునామా (నెట్‌వర్కులో యంత్రాన్ని గుర్తించే సంఖ్య) ఇస్తే దానితోనే ఇవన్నీ నడిచేవి. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకపు లెక్క చీటీలు) తీసే ప్రింటరు కొత్త చిరునామాలోకి మారిపోవడం, రైతు ఎదురుగా నిలబడి ఉండగా గుమాస్తా పాత చిరునామాకే పట్టీ పంపుతూ కూర్చోవడం పరిపాటి అయింది. ప్రింటర్లకూ రికార్డరుకూ స్థిర ఐపీ, అంటే మారని చిరునామా, ఇవ్వాలని నిశ్చయించుకున్నాను గాని, సీజనులో నడుస్తున్న దుకాణం మీద ప్రయోగాలు చేయడం తగదు కనుక, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీ వారి ప్యాకెట్ ట్రేసర్ అనే నెట్‌వర్కు నమూనాలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో ఆ దుకాణం నమూనా కట్టి కొన్ని రాత్రులు సాధన చేశాను.

ఈ సాఫ్ట్‌వేర్ ఉచితం. అకాడమీలో ఖాతా తెరిస్తే చాలు. విండోస్, ఉబుంటు, మాక్ మూడింటిలోనూ నడుస్తుంది.

ఒక సిస్కో 2911 రౌటరు, యంత్రాలను ఒకదానితో ఒకటి కలిపే ఒక 2960 స్విచ్, వాటికి కంప్యూటర్లు పెట్టి తీగలు కలపడానికి పావుగంట పట్టలేదు. కంప్యూటరు మీద నొక్కి డెస్క్‌టాప్‌లో ఐపీ కాన్ఫిగరేషన్ తెరిచి, స్టాటిక్ ఎంచుకుని చిరునామా, గేట్‌వే (వేరే నెట్‌వర్కుకు దారి ఇచ్చే రౌటరు చిరునామా) టైపు చేస్తే ఆ యంత్రం పని ముగిసినట్లే. ప్రింటరుకు మాత్రం డెస్క్‌టాప్ ఉండదు. చిరునామాను కాన్ఫిగ్‌లోని ఫాస్ట్ ఈథర్‌నెట్ దగ్గర, గేట్‌వేను వేరే చోట సెట్టింగ్స్‌లో ఇవ్వాలి. మొదటి రాత్రి నేను ఆ రెండోది మరిచిపోయాను. రౌటరు పోర్టు దానంతట అది తెరుచుకోదన్న సంగతి కూడా, తీగ మీది ఎర్ర గుర్తు చూసి 'నో షట్‌డౌన్' టైపు చేసేదాకా తట్టలేదు.

నాకున్న ప్రధానమైన అభ్యంతరం సబ్‌నెట్ మాస్క్ గడి గురించి. చిరునామా రాసి ఆ గడిలోకి రాగానే, చిరునామా మొదటి సంఖ్యను బట్టి నడిచే పాత తరగతుల లెక్క ప్రకారం మాస్క్ దానంతట అదే నిండుతుంది. 192తో మొదలైతే 255.255.255.0 వస్తుంది, బాగానే ఉంటుంది. కెమెరాలను విడిగా ఉంచుదామని 10.20.1.5 ఇచ్చినప్పుడు మాత్రం 255.0.0.0 వచ్చి కూర్చుంది, నేను చూసుకోలేదు. గుంటూరు వారికి దీని పర్యవసానం సులభంగానే అర్థమవుతుంది. బ్రాడీపేటలో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఉన్న లైనులోని ఇంటికైతే నేరుగా నడుస్తాం, వేరే లైనుకైతే అడ్డరోడ్డు పట్టుకోవాలి. కంప్యూటరుకు ఈ తేడా చెప్పేది మాస్క్, దాని అడ్డరోడ్డు గేట్‌వే. 255.0.0.0 అంటే 10తో మొదలయ్యే ఊరంతా ఒకే లైను అని చెప్పినట్లు.

ఆ తప్పును పట్టిచ్చినదీ ఈ సాఫ్ట్‌వేరే. సిమ్యులేషన్ పద్ధతిలోకి మారి ఏఆర్‌పీ (ఫలానా ఐపీ ఎవరిదని అడిగే సందేశం), ఐసీఎంపీ (పింగ్ వాడే సందేశం) మాత్రం ఉంచి పింగ్, అంటే అవతలి యంత్రం పలుకుతుందా అన్న పరీక్ష, ఇస్తే, ప్రతి ప్యాకెట్టూ చిన్న ఉత్తరం బొమ్మగా మన కళ్ల ముందే అడుగడుగునా కదులుతుంది. 10.20.2.7కు పింగ్ ఇచ్చినప్పుడు ఆ యంత్రం గేట్‌వే చిరునామాను అడగవలసింది పోయి, అవతలి యంత్రం కోసమే తన స్విచ్ అంతటా కేక వేయడం చూశాను. నిజమైన దుకాణంలో ఈ దృశ్యం ఎవరికీ కనిపించదు. రౌటరు అవతలికి పంపిన మొదటి పింగ్ తరచు ఎందుకు పోతుందో, రౌటరు అవతలి యంత్రం కోసం ఏఆర్‌పీ ఉత్తరం పంపుతూ ఆ పింగ్‌ను పారేయడం చూశాక తెలిసింది.

ఉపకరణాలన్నిటినీ ఒకేసారి ఆపి వెలిగించే బొత్తాం మరొకటి ఉంది. మన కరెంటు కోతకు దీనికంటే మంచి నకలు దొరకదు. స్థిర చిరునామాలు చెక్కుచెదరలేదు గాని, స్టార్టప్ కాన్ఫిగ్‌లోకి (వెలిగేటప్పుడు రౌటరు చదివే ఫైలులోకి) భద్రపరచని రౌటరు అమరిక మొత్తం తుడిచిపెట్టుకుపోయింది.

నమూనాలో లేనిది, బయటి సందేశాలను అడ్డుకునే విండోస్ ఫైర్‌వాల్ మొండితనం. దుకాణంలో చిరునామాలన్నీ సరిగ్గా ఇచ్చినా రెండు కంప్యూటర్లు పింగ్‌కు పలకలేదు, కారణం అదే. ప్యాకెట్ ట్రేసర్ కంప్యూటర్లు మామూలుగా అడిగినవారందరికీ బదులిస్తాయి. అక్కడి ప్రింటరు కాగితం కూడా తీయదు. అయినా రౌటరు పంచే చిరునామాల చివరి సంఖ్యను 100 నుంచి మొదలుపెట్టి, ప్రింటర్లకు 11, 12, రికార్డరుకు 20 కేటాయించాలన్న నా పథకంలో, నమూనాలో సరిచూసిన తరువాత దుకాణంలో మార్చవలసినది ఒక్కటీ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటల్లో పని పూర్తయింది, సోమవారం మొదటి తక్‌పట్టీ 11 నుంచే వచ్చింది.