పాలమూరులో ఇంటికొచ్చి గుర్రాలు చూసే డాక్టర్: కుంటుకి ఇన్సులిన్ టెస్ట్ చేయించారు

మహబూబ్‌నగర్, జడ్చర్ల వైపు బరాత్‌లకు గుర్రాలు పెట్టుకున్నవాళ్ల కోసం రాస్తున్నా. మా బాబాయి ఆడగుర్రం ముందుకాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి నిలబడటం మొదలుపెట్టింది. ముందు చూపించిన చోట గిట్ట ఎత్తి కూడా చూడకుండా స్టెరాయిడ్ సూది వేసి పంపించేశారు, కుంటు ఇంకా ఎక్కువైంది. అప్పుడు హైదరాబాద్ నుంచి ఈ డాక్టర్ గారిని పిలిపించాం.

ఆయన జూలు కింద మెడ మీద కొవ్వు గట్టిపడిందా అని వేళ్లతో నొక్కి చూశారు, గిట్ట మీద అరచెయ్యి పెట్టి వేడి చూశారు, పైన కాలి వెనక నాడి బాబాయి చేత కూడా పట్టించారు, టకటకా కొట్టుకుంటోంది. ఆ తర్వాతే ఇన్సులిన్ టెస్టుకు రక్తం తీశారు.

ఆయన చెప్పింది మాకు బాగా అర్థమైంది. కొవ్వు బాగా పట్టిన గుర్రంలో ఆ కొవ్వే వాపు పుట్టించే పదార్థాలు వదులుతుంది, నెలల తరబడి అలా ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు, దాంతో ఒళ్లు ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది, అలా పెరిగిన ఇన్సులినే గిట్ట లోపల ఎముకను పట్టి ఉంచే పొరలను దెబ్బతీస్తుంది. అదే లామినైటిస్. పైగా నొప్పికి కార్టిసాల్ పెరిగితే ఇన్సులిన్ పని ఇంకా మందగిస్తుంది, స్టెరాయిడ్ చేసేదీ అదే! అలాంటి గుర్రానికి ఆ సూది ఎట్లా వేశారో తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

వయసు 15 దాటింది కాబట్టి మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథికి జబ్బు ఉందేమో అని, ఆ గ్రంథి వదిలే ఏసీటీహెచ్ అనే హార్మోన్ టెస్ట్ కూడా చేయించారు, కానీ నొప్పి తగ్గాకే. బాగా నొప్పి ఉన్నప్పుడు ఆ హార్మోన్ నొప్పికే పెరిగిపోతుందట. అది మామూలుగా వచ్చింది, ఇన్సులిన్ మాత్రం చాలా ఎక్కువ.

బెల్లం, తవుడు బంద్. ఎండుగడ్డి నీళ్లలో నానబెట్టి, చక్కెర దిగిన ఆ నీళ్లు పారబోసి పెట్టాలి, 400 కిలోల గుర్రానికి రోజుకు 6 కిలోల ఎండుగడ్డి. ఇదంతా నోటితో గబగబా చెప్పేశారు, కాగితం మీద రాసిస్తే బాగుండేది. రిపోర్టు కోసం కూడా మేమే ఫోన్లు చేయాల్సి వచ్చింది. అయినా గుర్రం ఇప్పుడు నాలుగు కాళ్ల మీద సమంగా నిలబడుతోంది, నేను ధైర్యంగా ఈయన్నే పిలవమంటా.

దారి ఖర్చు ఎక్కువే, నలుగురు కలిసి ఒకే రోజు పిలిపించుకోండి. ఆ పొద్దున దాణా పెట్టకండి, ఎండుగడ్డి చాలు. రక్తం పంపడానికి ఐస్ డబ్బా సిద్ధంగా ఉంచండి.