నల్ల ఇసుక తీరానికి వెళ్ళాలంటే ఏది మేలు: ఐస్‌లాండా, హవాయీనా, బాలీనా?

వేసవి సెలవుల్లో విదేశానికి వెళ్ళొచ్చే కుటుంబాలు తిరుపతిలో ఇప్పుడు దండిగా ఉన్నాయి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం ఊళ్లోనే ఉంది, చెన్నై ఎయిర్‌పోర్టుకు పొద్దున బయల్దేరితే మధ్యాహ్నంలోపు చేరిపోవచ్చు. అగ్నిపర్వతం పక్కన నల్లటి ఇసుక, దాని మీద తెల్లటి నురగ ఉన్న వీడియో ఒకటి ఫోన్‌లో చూశాక ఇంట్లో అందరికీ అక్కడికే వెళ్ళాలనిపిస్తుంది. వీడియోల్లో ఆ తీరాలన్నీ ఒకేలా కనిపిస్తాయి. అక్కడి సముద్రాలు మాత్రం ఒకేలా ఉండవు. ఏ తీరానికి వెళ్ళాలో తేల్చుకునే ముందు అక్కడి అలలు ఎలాంటివి, మన ఇంట్లోంచి ఎవరెవరు వస్తున్నారు అన్న రెండూ చూసుకోవాలి. ఖర్చు లెక్క ఆ తర్వాతే.

ముందు ఆ నలుపు సంగతి. మన స్వర్ణముఖి ఇసుకలో క్వార్ట్జ్ ఎక్కువ, అందుకే లేత రంగులో మెరుస్తుంది. అగ్నిపర్వత దీవుల్లో ఉండేది బసాల్ట్, అంటే గడ్డకట్టిన లావా. హవాయీలో 1,100 డిగ్రీల వేడి ఉన్న లావా సముద్రంలో పడి ఒక్కసారిగా చల్లబడుతుంది, గాజులా పగిలి నలుసులైపోతుంది. ఐస్‌లాండ్‌లో బసాల్ట్ కొండల్ని అలలే కొట్టి కొట్టి పొడి చేస్తాయి. బాలీలో అగ్నిపర్వతాల రాళ్ళనీ బూడిదనీ వాగులు కిందికి మోసుకొస్తాయి. మన కోస్తాలో అక్కడక్కడ కనిపించే నల్ల చారలు వేరు. అవి ఇల్మనైట్ లాంటి బరువైన ఖనిజాలు, వాటికీ అగ్నిపర్వతానికీ సంబంధం లేదు.

మన దేశంలోనే అలాంటి అగ్నిపర్వత తీరం ఒకటి ఉంది కదా అని కొందరు అడుగుతారు. ఉంది, అండమాన్‌లో బ్యారెన్ ద్వీపం. మన దేశంలో రగులుతున్న ఒకే ఒక్క అగ్నిపర్వతం అదే. అయితే పర్యాటకుల్ని దీవి మీద దిగనివ్వరు, పడవలోంచి చూసి వెనక్కి రావాల్సిందే. ఇసుక మీద నడవాలన్న కోరిక అక్కడ తీరదు.

అందం ఒక్కటే లెక్కయితే ఐస్‌లాండ్‌లోని రేనిస్‌ఫ్యారాకే నా ఓటు. రాజధాని రెక్యావిక్ నుంచి కారులో రెండున్నర గంటలు, విక్ అనే చిన్న ఊరి పక్కన ఉంటుంది. కొండ పక్కన బసాల్ట్ స్తంభాలు ఎవరో చెక్కి వరసగా నిలబెట్టినట్టు ఉంటాయి. సముద్రంలో నల్లటి రాతి శిఖరాలు నిటారుగా లేచి ఉంటాయి. ఓడను ఒడ్డుకు లాగుతున్న భూతాలు తెల్లవారేసరికి రాళ్ళయిపోయాయని అక్కడివాళ్ళు కథ చెబుతారు.

కానీ ఆ తీరం మనుషుల్ని బలి తీసుకుంది, ఒకరిద్దర్ని కాదు. ఒడ్డు దాటగానే లోతు గబుక్కున పెరిగిపోతుంది. విశాలమైన అట్లాంటిక్ మీద ఏ అడ్డూ లేకుండా వచ్చిన అలలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. కాసేపు చిన్న అలలే వచ్చి, మనం ధైర్యంగా నాలుగడుగులు ముందుకు వేశాక పెద్దది వచ్చి కాళ్ళు లాగేస్తుంది. 2025 ఆగస్టులో తొమ్మిదేళ్ళ పాప అక్కడే చనిపోయింది. అలల తీవ్రతను బట్టి రంగు మారే హెచ్చరిక దీపాలు పెట్టారు. ఎరుపు వెలిగితే ఇసుక మీదకి దిగకూడదు. ఎరుపు లేకపోయినా నీళ్ళకు వీపు పెట్టి సెల్ఫీ తీసుకోకూడదు. సముద్రం కనబడితే పరుగెత్తి కాళ్ళు తడుపుకునే పిల్లల్ని అక్కడ రోజంతా చేయి పట్టుకుని ఆపగలమా? నేనైతే ఆ టెన్షన్ పెట్టుకోను. దానికి తోడు చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడిగా పనికొచ్చే షెంగెన్ వీసాకు 90 యూరోల ఫీజు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇన్సూరెన్స్, నడి వేసవిలోనూ స్వెట్టర్ విప్పనివ్వని చలిగాలి. కొత్తగా పెళ్ళైన జంటకో, పెద్దవాళ్ళైన స్నేహితులకో అయితే జూన్‌లో వెళ్ళమంటాను. అప్పుడు అక్కడ రాత్రి సరిగా చీకటే పడదు.

హవాయీ కోసమని తిరుపతి నుంచి ప్రత్యేకంగా బయల్దేరడం నాకు సబబుగా తోచదు, చాలా దూరం. పిల్లలు అమెరికాలో ఉండి, పాస్‌పోర్టులో వీసా ఉండి, ఎలాగూ కొన్ని నెలలు అక్కడ గడపబోయే అమ్మానాన్నలకైతే అది మంచి ఎంపిక. వెళ్ళాల్సింది అక్కడి పెద్ద దీవిలోని పునలూ తీరానికి. ఆకుపచ్చ తాబేళ్ళు నీళ్ళలోంచి వచ్చి ఇసుక మీద ఎండ కాచుకుంటాయి. వాటికి కనీసం 6 మీటర్ల దూరంలో ఉండాలి. ఇసుక పిడికెడు తెచ్చుకోవడం కూడా నేరమే. కిలావియా అగ్నిపర్వతం ఉన్న నేషనల్ పార్కు అక్కడికి అరగంట దారే కాబట్టి రెండూ ఒకే రోజు చూడొచ్చు. ఆ దీవిలో తీరాలు మన కళ్ళ ముందే పుడతాయి, పోతాయి. కలపనా ఊరి దగ్గరి కైము తీరాన్ని 1990లో లావా పూర్తిగా కప్పేసింది. 2018 విస్ఫోటనంలో పోహోయికి దగ్గర కొత్త నల్ల తీరం ఏర్పడింది.

అవ్వా తాతలు, చిన్నపిల్లలు అందరూ కలిసి వెళ్ళేటట్టయితే బాలీయే మేలు. వీసా అక్కడ దిగాక ఇస్తారు, 5 లక్షల రుపియాలు (మన రూపాయలు కావు, ఇండోనేషియా డబ్బు). టూరిస్టు పన్ను ఇంకో లక్షా యాభై వేలు. రెండూ కలిపినా మన డబ్బులో మనిషికి నాలుగు వేల లోపే. ఎక్కువమంది సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారి వెళ్తారు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా వానలు తక్కువ, మన బడి సెలవులకు సరిగ్గా సరిపోతుంది.

బాలీలోనూ ఎక్కడ పడితే అక్కడ నీళ్ళలో దిగకూడదు. ఆగ్నేయంలో కెరమాస్ వైపు ఇసుక నల్లగా ఉంటుంది, అలలు సర్ఫింగ్ చేసేవాళ్ళకు తగినంత పెద్దవి. పిల్లలకు ఉత్తర తీరంలోని లోవినా సరైన చోటు, అక్కడ సముద్రం నెమ్మదిగా ఉంటుంది. ఎయిర్‌పోర్టు నుంచి కొండదారిలో మూడు గంటలకు తక్కువ పట్టదు కాబట్టి పెద్దవాళ్ళతో అదే రోజు వెళ్ళి రావాలనుకోకండి, రెండు రాత్రులు అక్కడే ఉండండి. తెల్లవారుజామున డాల్ఫిన్లను చూపిస్తామని పడవలవాళ్ళు పిలుస్తారు. ఒక్కో డాల్ఫిన్ గుంపు వెనక బోలెడు పడవలు తరుముతుంటాయి. ఆ పడవ ఎక్కకపోయినా పోయేదేమీ లేదు.

నాకు మాత్రం తూర్పు వైపే ఎక్కువ ఇష్టం. కుసంబాలో ఉప్పు చేసేవాళ్ళు సముద్రపు నీటిని నల్ల ఇసుక మీద చల్లి, ఎండబెట్టి, ఆ ఇసుకలోంచి చిక్కటి ఉప్పునీరు తీస్తారు. నలుపు వేడిని పట్టుకుంటుంది కాబట్టే ఆ పని సాగుతుంది. అక్కడికి దగ్గర్లోనే గోవా లవాహ్ అనే గుహ గుడి, గుహ నిండా గబ్బిలాలు. పైన అగుంగ్ పర్వతం మీద బెసాకి ఆలయం. 1963లో అగుంగ్ పేలినప్పుడు వెయ్యి మందికి పైగా చనిపోయారు, లావా మాత్రం ఆ ఆలయాన్ని తప్పించుకుని పక్కనుంచి పోయింది. కొండనీ దేవుణ్ణీ కలిపి చూసే మన పెద్దవాళ్ళకు బెసాకి చూపించకుండా తీసుకురావద్దు.

ఇబ్బందులూ ఉన్నాయి. మే నెల మధ్యాహ్నం తిరుమల మాడవీధుల్లో చలువ పెయింట్ లేని చోట కాలు పెడితే ఎలా ఉంటుందో, ఎండలో నల్ల ఇసుక అలా ఉంటుంది. తొమ్మిది లోపు, నాలుగు తర్వాత దిగండి, చెప్పులు మాత్రం విప్పకండి. శాకాహారులు సంబల్ అనే కారపు పచ్చడి అడిగేటప్పుడు తెరసి లేకుండా చేయమని చెప్పాలి, అది రొయ్యల ముద్ద. 2017లో అగుంగ్ బూడిద వల్ల ఎయిర్‌పోర్టు మూసేశారు కాబట్టి తిరుగు ప్రయాణానికీ ఆఫీసుకీ మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచుకోండి. ఉగాదికి వెళ్దామనుకునేవాళ్ళు టికెట్లు కొనేముందు న్యేపి ఎప్పుడో చూసుకోవాలి. బాలీవాళ్ళ శక సంవత్సరాది అది, ఉగాదికి అటూ ఇటూగా వస్తుంది. ఆ రోజు ఎయిర్‌పోర్టు కూడా 24 గంటలు మూసి ఉంటుంది, హోటల్ గేటు దాటి తీరానికి ఎవర్నీ వెళ్ళనివ్వరు.