కార్నియా మార్పిడికి ముందు కంట్లో ఉన్న లెన్సు ఏ రకమో అడగండి

నల్గొండలో మా అమ్మకు శుక్లం ఆపరేషన్ చేసినప్పుడు "ఫోల్డబుల్ లెన్సు వేశాం, మంచిది" అన్నారు. మేము అంతకుమించి అడగలేదు. మడిచే లెన్సుల్లోనూ రకాలున్నాయని, వాటిలో ఒకటి నీటిని పీల్చుకునే హైడ్రోఫిలిక్ అక్రిలిక్ అని అప్పుడు మాకు తెలియదు.

కొన్నేళ్లకు కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, ఉబ్బింది. హైదరాబాదులో దాని లోపలి పొర మార్చారు. కొత్త పొర అతుక్కోవడానికి కంట్లో గాలి నింపి అమ్మను వెల్లకిలా పడుకోబెట్టారు. పొర ఒక అంచున ఊడితే రెండోసారి గాలి ఎక్కించారు. చూపు వచ్చింది. బియ్యంలో రాళ్లు మళ్లీ తానే ఏరుకుంది.

ఏడాది తిరిగేలోపే మసక కమ్మింది. శరీరం కొత్త పొరను తిప్పికొట్టిందేమోనని వణికిపోయాం. పొర నిక్షేపంగా ఉంది, తెల్లబడింది లెన్సు! హైడ్రోఫిలిక్ లెన్సు ముందు భాగానికి గాలి గానీ వాయువు గానీ తగిలితే కొందరిలో అక్కడ కాల్షియం పేరుకుంటుందట. సరిగ్గా కంటిపాప ఎదురుగానే. గాలి మళ్లీ మళ్లీ నింపితే ముప్పు పెరుగుతుంది. అందరికీ ఇలా జరగదు. నీటిని పీల్చుకోని హైడ్రోఫోబిక్ అక్రిలిక్ లెన్సులకు ఈ బెడద దాదాపు లేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. ఊళ్లో చూపిస్తే "లెన్సు వెనక పొర మందమైంది, యాగ్ లేజర్ కొడితే పోతుంది" అన్నారు. మేము సరేననబోయాం. లెన్సులోనే పేరుకున్న కాల్షియం లేజర్‌కు పోదు. పైగా లేజర్‌తో వెనక పొరకు రంధ్రం పడితే, తర్వాత లెన్సు మార్చడం మరింత కష్టమవుతుంది. దీనికి లెన్సు మార్చడమొక్కటే దారి. కార్నియా నిపుణులు చూసి అవునన్నాకే లేజర్‌కు ఒప్పుకోండి.

శుక్లం ఆపరేషన్ అయిన రోజే లెన్సు స్టిక్కరున్న కార్డు అడిగి తీసుకోండి. కార్నియా జబ్బు ముందే ఉంటే, రేపు పొర మార్చాల్సి రావచ్చని చెప్పి, హైడ్రోఫోబిక్ లెన్సు వేస్తారా అని అడగండి. దేవరకొండ, మహబూబ్‌నగర్ వైపు మా బంధువులందరికీ ఫోను చేసి ఇదే చెబుతున్నాను.

మా దగ్గర ఆ కార్డు లేదు. పాత ఆసుపత్రిలో అడిగితే రికార్డు దొరకలేదన్నారు. అమ్మ రెండో కంట్లోనూ శుక్లం ముదురుతోంది. ఈసారి స్టిక్కరు చేతికి వచ్చాకే ఇంటికి బయలుదేరతాం.